జిల్లా దస్త్రం – రెండు లిపుల బాధ్యత

గత విద్యా సంవత్సరంలో మా తరగతి విద్యార్థి ఒకడు పాతకాలపు కాగితం ఒకటి పట్టుకొని నా వద్దకు వచ్చినాడు. దిగువ మానేరు జలాశయంలో మునిగిపోయిన పల్లెలలో ఒకటి వారి పూర్వీకుల స్వగ్రామం. ఆ ఊరిని గురించి ప్రాజెక్టు వ్యాసం వ్రాయవలెనని అతని కోరిక. తాతగారి పెట్టెలో దొరికిన ఆ కాగితం మీద గొలుసుకట్టు ఉర్దూ వ్రాత, ఒక మూల గుండ్రని ముద్ర, ఏదో ఫసలీ సంవత్సరం ఉన్నవి. అతనికి ఉర్దూ రాదు. నాకు ఉర్దూ అక్షరాలు వచ్చును గాని ఆ వ్రాత పట్టుబడలేదు. చివరకు ఉర్దూ శాఖలోని సహోద్యోగి ఒకరు దయతో చదివి పెట్టినారు. ఆయన కూడా "ఖుష్కీ", "తరీ" అన్న మాటల దగ్గర ఆగినారు. అవి అక్కడ ఎందుకు వచ్చినవో ఆయనకు బోధపడలేదు. అప్పుడు ఆ పిల్లవాడే, "మెట్ట భూమి, మాగాణి సార్! మా ఇంట్లో ఇప్పటికీ ఖుష్కి, తరి అనే అంటారు" అన్నాడు. ముగ్గురం కలిస్తే గాని ఒక్క కాగితం చదవడం పూర్తి కాలేదు.

ఆనాటి నుంచి నా మనసులో మెదలుతున్న ఆలోచనను ఈ సంచిక ద్వారా విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలకవర్గ పెద్దల ముందు ఉంచుతున్నాను. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్ర ప్రభుత్వ దస్త్రాలలోను, పత్రికలలోను చెదరి ఉన్నది. అందులో కొంత తెలుగులో, కొంత ఉర్దూలో ఉన్నది. రెండు భాషలనూ ఒకే ప్రాంగణంలో బోధించే మనవంటి కళాశాలకు వాటిని వెతికే పని, చదివే పని, భద్రపరచే పని మరెవరికంటెను ఎక్కువగా చెందుతుంది. మనం ఉపేక్షిస్తే, మరొక తరం గడిచేసరికి చదవగలవారు ఉండరు. చదవడానికి కాగితమూ మిగలదు.

మన విద్యార్థులు ఏటా సమర్పించే వ్యాసాలు చూడండి. సిరిసిల్ల మరమగ్గాలని శీర్షిక ఉంటుంది. లోపల భారతదేశంలో వస్త్ర పరిశ్రమను గురించిన పాఠం ఉంటుంది. నిర్మల్ కొయ్యబొమ్మలని శీర్షిక ఉంటుంది. లోపల హస్తకళల ప్రాశస్త్యం ఉంటుంది. ఊరి పేరు తీసివేస్తే ఆ వ్యాసం ఏ జిల్లాకైనా సరిపోతుంది. అడిగితే, "సమాచారం దొరకలేదు సార్" అన్నదే సమాధానం. వారిని నేను తప్పు పట్టను. ఎక్కడ, ఏ పేరుతో, ఏ సంవత్సరం కింద వెతకవలెనో మనం వారికి చెప్పలేదు.

మొదటి చిక్కు పేర్లది. 1901 జనగణనలో కరీంనగర్ జిల్లా కోసం వెతికినవానికి అది కనిపించదు. అప్పటికి అది ఎలగందల్ జిల్లా. కరీంనగర్ అన్న పేరు జిల్లాకు వచ్చినది 1905లో. ఆదిలాబాద్ ప్రాంతం అదే సంవత్సరం వరకు సిర్పూర్-తాండూర్ అన్న పేరుతో వ్యవహరింపబడినది. ఆ తరువాత కూడా చాలా కాలం జిల్లా ముఖ్యస్థానం ఆసిఫాబాదే. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాజురా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ నుంచి విడిపోయి మరాఠీ ప్రాంతంలో చేరినవి. నాందేడ్ జిల్లాలోని ముధోల్ ఇటు వచ్చినది. కనుక ముధోల్ ఊళ్ళ పాత వివరాలు నాందేడ్ జిల్లా కింద, కిన్వట్ ఊళ్ళ పాత వివరాలు ఆదిలాబాద్ కింద వెతకవలసి ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైనది. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడగా, కొన్ని మండలాలు ఇరుగుపొరుగు జిల్లాలలో కలిసినవి.

ఇది కేవలం పేర్ల మార్పు అనుకొంటే పెద్ద పొరపాటు జరుగుతుంది. 2011 జనగణన ప్రకారం కరీంనగర్ జిల్లా జనాభా 37,76,269. ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239. ఇవి పాత జిల్లాల లెక్కలు. అవే ఊళ్ళను నేటి హద్దులలో లెక్కిస్తే కరీంనగర్ జిల్లాకు పది లక్షల పైచిలుకు, ఆదిలాబాద్‌కు ఏడు లక్షల పైచిలుకు మాత్రమే వస్తుంది. ఈ తేడా గమనించక పాత జనాభాను నేటి జిల్లా ఆసుపత్రుల సంఖ్యతో భాగించి, "ఇంతమందికి ఒకే ఆసుపత్రి" అని వ్రాసిన వ్యాసం నేను దిద్దినాను. ఆ విద్యార్థి శ్రమ అంతా వృథా అయినది.

రెండవ చిక్కు సంవత్సరాలది. నిజాం ప్రభుత్వ దస్త్రాలలో సంవత్సరం ఫసలీలో ఉంటుంది; ఆజూర్, దై, బహమన్ అంటూ నెలలకు వేరే పేర్లు ఉంటవి. ఆ ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు వరకు. కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడైన 1940వ సంవత్సరాన్ని గురించి వెతికే విద్యార్థి 1349, 1350 ఫసలీల దస్త్రాలు రెండూ చూడవలెను. ఇంత చిన్న లెక్క తెలియక ఎందరో వట్టి చేతులతో తిరిగి వస్తారు.

మూడవ చిక్కు లిపిది. 1880వ దశకంలో ఫారసీ స్థానంలో ఉర్దూ హైదరాబాద్ రాజ్యపు పాలనాభాష అయినది. అప్పటి నుంచి సుమారు ఏడు దశాబ్దాల పాటు మన ఊళ్ళ శిస్తు, చెరువుల మరమ్మతు, బడుల మంజూరు, అడవి హద్దులు అన్నీ ఉర్దూలో నమోదైనవి. నేటికీ రెవెన్యూ కార్యాలయంలో సేత్వార్, పహాణీ, జమాబందీ, మున్‌తఖబ్, వసూల్ బాకీ అన్న మాటలే వినిపిస్తవి. తెలుగు మాత్రమే వచ్చిన విద్యార్థి ఈ మాటలను పలుకుతాడు గాని మూలం చదవలేడు. ఉర్దూ మాత్రమే వచ్చిన విద్యార్థి మూలం చదువుతాడు గాని ఏ చెరువు, ఏ శివారు, ఏ కులవృత్తి అన్నది పోల్చుకోలేడు. ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టగల అవకాశం మన కళాశాలకు ఉన్నది. ఇన్నేళ్ళుగా వారిని వేరు వేరు గదులలో కూర్చోబెట్టి, ఈ సంచికలో కూడా కుడి నుంచి ఉర్దూ పుటలు, ఎడమ నుంచి తెలుగు పుటలు అచ్చువేసి, నడుమ ఎక్కడా కలవకుండా చూచుకొన్నాము.

ఇక దొరికే చోట్లను గురించి రెండు మాటలు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో మొగలుల కాలం నుంచి నిజాం పాలన వరకు ఫారసీ, ఉర్దూ పత్రాలు అపారంగా ఉన్నవి. నిజాం ప్రభుత్వపు గెజెట్‌ను జరీదా అనేవారు. నియామకాలు, ఉత్తర్వులు, హద్దు మార్పులు అందులో దొరుకుతవి. 1909లో వెలువడిన ఇంపీరియల్ గెజెటీరు హైదరాబాద్ సంపుటంలో మన రెండు జిల్లాల నేల, నదులు, పంటలు, తాలూకాల వర్ణన ఉన్నది. స్వాతంత్ర్యానంతరం 1951 జనగణన నుంచి జిల్లా కరదీపికలు వచ్చినవి. ఊరూరి వివరాలకు వాటిని మించినది లేదు. 1970వ దశకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జిల్లా గెజెటీర్లు ప్రచురించినది. ఆదిలాబాద్ గిరిజనులను గురించి హైమెన్‌డార్ఫ్ 1940వ దశకంలో వ్రాసిన నివేదికలు, "ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్" అన్న గ్రంథం తప్పక చూడదగినవి. దస్త్రం వ్రాసినవాడు అధికారి. అడవిలో బ్రతికినవాని మాట అందులో అరుదుగా ఉంటుంది. హైమెన్‌డార్ఫ్ మార్లవాయి వంటి గూడెంలో నివసించి ఆ లోటు కొంత పూరించినాడు.

నేటి ప్రభుత్వ సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మన విద్యార్థులలో చాలామంది దానిని రాజకీయ నాయకుల ఆయుధమనుకొంటారు. అది విద్యార్థికి కూడా ఆయుధమే. దరఖాస్తు తెలుగులో వ్రాయవచ్చును. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, అంతకు పైన 10 రూపాయలు. సమాచారం ఎందుకని అడిగే అధికారం అధికారికి లేదు. 30 రోజులలో జవాబు రావలెను. రాకుంటే అప్పీలు చేసుకోవచ్చును. అయితే అడిగే పద్ధతి తెలియవలెను. "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వలేరు. "ఫలానా గ్రామ పంచాయతీ ఫలానా సంవత్సరపు గ్రామసభ తీర్మానాల పుస్తకం నకలు ఇవ్వండి" అంటే ఇవ్వక తప్పదు. దస్త్రం పేరు తెలిసినవానికే దస్త్రం దొరుకుతుంది.

ఇప్పుడు పత్రికల సంగతి. ప్రభుత్వ దస్త్రం కనీసం ఏదో ఒక అలమారులో దుమ్ము పట్టి ఉంటుంది. పత్రిక మర్నాటికి పొట్లం కాగితమవుతుంది. అయినా జిల్లా చరిత్రకు పత్రిక దస్త్రం కంటె తక్కువైనది కాదు. 1984లో భూసేకరణ చట్టాన్ని సవరించినప్పుడు, సేకరణ ప్రకటన గెజెట్‌తోపాటు ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, ప్రచురించాలని నిర్ణయించినారు. 2013 చట్టం కూడా అదే నియమం ఉంచినది. అంటే ఒక ఊరు ఎప్పుడు, ఏ సర్వే నెంబర్లతో పోయినదో స్థానిక పత్రికలోనే సాక్ష్యం ఉన్నది. దిగువ మానేరు కట్ట పని 1974లో మొదలై 1985లో ముగిసినది. ఆ పదకొండేళ్ళలో లేచిపోయిన ఊళ్ళ వారు ఏమన్నారో, ఎక్కడికి పోయినారో గెజెట్ చెప్పదు. పత్రిక చెబితే చెప్పవలెను.

కాని ఆ పత్రిక ఎక్కడున్నది? పత్రికల ప్రతులు దేశంలోని కొన్ని పెద్ద గ్రంథాలయాలకు పంపాలని 1954 చట్టానికి 1956లో సవరణ చేసినారు. కలకత్తాకు, మద్రాసుకు చేరినది మన జిల్లా విద్యార్థికి చేరినట్టు కాదు. పైగా 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు ప్రారంభించిన తరువాత తక్కిన పత్రికలూ అదే బాట పట్టినవి. కరీంనగర్ వార్త కరీంనగర్ పుటలలోనే ఉంటుంది. హైదరాబాదు గ్రంథాలయంలో దాచిన సంచికలో ఆ పుట ఉండదు. జీవగడ్డ వంటి కరీంనగర్ స్థానిక పత్రికల పాత సంచికలు సంపాదించడం ఇంకా కష్టం. ఈ మధ్య ఒక గ్రంథాలయానికి వెళ్ళి పదేళ్ళ నాటి జిల్లా పుటలు అడిగినాను. "ప్రతి ఆరు నెలలకు తూకానికి వేస్తాము సార్, పెట్టే చోటు లేదు" అని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పినాడు. అతనిని ఏమనగలము? మన కళాశాల పఠన మందిరంలోని పత్రికలు కూడా అదే తోవన పోతున్నవి.

"అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నవి గదా, ఈ శ్రమ ఎందుకు?" అని విద్యార్థులు అడుగవచ్చును. కొన్ని ఉన్నవి; అందుకు సంతోషమే. ప్రభుత్వ ఉత్తర్వులు, జనగణన పట్టికలు, ఎన్నో పాత పుస్తకాలు నేడు ఇంటి నుంచే చూడవచ్చును. కాని భూమి వివరాల విషయమే చూడండి. 2020లో ధరణి వచ్చినది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినది. తెర మీద నేటి పట్టాదారు పేరు కనిపిస్తుంది. ఆ పేరుకు ముందు ఎవరున్నారో, ఎందుకు మారినారో తెలియాలంటే పాత పహాణీ వద్దకే పోవలెను. ఎవరో కూర్చొని ఎక్కించినదే ఇంటర్నెట్‌లో ఉంటుంది. మన జిల్లా ఉర్దూ కాగితాలను ఎక్కించడానికి బయటి నుంచి ఎవరు వస్తారు?

రెండు భాషలు ఎందుకన్న ప్రశ్నకు మరొక జవాబు కూడా ఉన్నది. అది నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. 1947, 1948 సంవత్సరాలలో హైదరాబాదులో ఏమి జరిగినదో తెలుసుకోగోరే విద్యార్థి సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక మాత్రమే చదివితే ఒక కథ తెలుస్తుంది. రహబరె దక్కన్ మాత్రమే చదివితే మరొక కథ తెలుస్తుంది. అయితే భారతదేశంలో విలీనాన్ని సమర్థించి, అందుకే 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ నడిపిన ఇమ్రోజ్ కూడా ఉర్దూ పత్రికే. దానిని చూడనివాడు, ఉర్దూ వారంతా ఒక పక్షం, తెలుగు వారంతా ఒక పక్షం అని తేలికగా వ్రాసివేస్తాడు. అట్టి వ్రాతలు నేడు కొదువ లేవు. వాటిని కోపంతో ఖండించి లాభం లేదు. కాగితం చూపి సరిదిద్దవలెను. మన విద్యార్థి ఆ పని చేయగలిగితే అంతకంటె గొప్ప దేశసేవ లేదు.

దీనికి ఆదర్శాలు మన గడ్డ మీదనే ఉన్నవి. తెలుగు కవిత్వానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన సి. నారాయణరెడ్డి గారు సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టి ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నవారు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన సామల సదాశివ గారు ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ భాషల పాండిత్యాన్నంతా తెలుగులోకి తెచ్చి, "యాది" అన్న పుస్తకంలో ఆ ఉమ్మడి జీవితాన్ని వ్రాసిపెట్టినారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచిక 354 మంది కవులతో జవాబు చెప్పినది. ఊరూరి నుంచి ఉత్తరాలు తెప్పించి, ఓపికతో కూర్చినందువల్లనే అది సాధ్యమైనది. లేదన్న మాటకు వెతికి చూపడమే తగిన జవాబు.

కనుక పాలకవర్గ పెద్దలకు నా విన్నపాలు ఇవి. మొదటిది: పఠన మందిరానికి వచ్చే పత్రికలలో ఒక తెలుగు దినపత్రిక, ఒక ఉర్దూ దినపత్రిక జిల్లా పుటలను అమ్మకుండా నెలకొక కట్టగా కుట్టించి ఒక ఇనుప అలమారులో భద్రపరచాలి. ఇందుకు కొత్త చందా అవసరం లేదు; కుట్టుకూలి, అలమారు ఖర్చు మాత్రమే. రెండవది: ఆ పుటలకు ఒక సూచిక పుస్తకం తెరవాలి. తేదీ, ఊరు, విషయం అన్న మూడు గడులు చాలును. ఊరి పేరు రెండు లిపులలోను వ్రాయాలి. రోజుకు ఒక తెలుగు విద్యార్థి, ఒక ఉర్దూ విద్యార్థి కలిసి అరగంట కూర్చుంటే పని సాగుతుంది. మూడవది: వారానికి ఒక గంట పాత దస్త్రాల పఠన తరగతి నడపాలి. లిపి ఉర్దూ శాఖ వారు నేర్పుతారు. రెవెన్యూ మాటల అర్థాలు, ఫసలీ లెక్క చరిత్ర శాఖ వారు చెబుతారు. నాలుగవది: ఏటా ఈ సంచికలో నాలుగు పుటలు ఒక స్థానిక పత్రానికి కేటాయించాలి, ఒకవైపు ఉర్దూ మూలం, ఎదురుగా తెలుగు అనువాదం.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. పాత కాగితాలలో భూములున్నవి, భూములలో తగాదాలున్నవి. విద్యార్థులు ఎవరి ఇంటి నుంచీ అసలు పత్రం తీసుకొని రాకూడదు. అక్కడే చాయాచిత్రం తీసుకొని తిరిగి అప్పగించాలి. ఎవరి వ్యాజ్యానికీ సాక్షులుగా, మధ్యవర్తులుగా పోకూడదు. బ్రతికి ఉన్న కుటుంబాల ఆస్తి వివరాలు అచ్చువేయకూడదు. మనకు కావలసినది ఊరి జీవితం. ఒకరి మీద ఒకరికి కేసులు కాదు. పత్రాలను ఒక్క చోటనే ఉంచడం కూడా ప్రమాదమే. అమూల్యమైన ఉర్దూ పుస్తక, పత్రికా భాండారం గల హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం 2000 ఆగస్టు వరదలలో ఎంత నష్టపోయినదో తెలిసినదే. ప్రతి కట్టకు ఒక నకలు వేరొక చోట ఉండవలెను.

విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్ళలో ఉర్దూ దస్త్రాలు చదవగల తాతలు, నానమ్మలు ఇంకా కొందరున్నారు. ఈ సెలవులలో వారి పక్కన కూర్చుని ఒక్క కాగితం చదివించుకొని రండి. ఆ ముంపు గ్రామపు విద్యార్థి వ్యాసం ఈ ఏడాది పూర్తయినది. పెద్దది కాదు, పదహారు పుటలు. కాని అందులోని ఊరి పేరు తీసివేసి మరొక ఊరి పేరు పెట్టడానికి వీలులేదు. అట్టి వ్యాసాలు ఏటా రెండు మూడు వచ్చినా, పదేళ్ళలో మన జిల్లాల గురించి వెతికేవారు "దొరకలేదు" అనకుండా మన కళాశాల అలమారు వద్దకు వస్తారు.